గోడ మీద చొక్కా ముక్క

ఆ ఉదయం అర్వో పెట్టుకున్న పని చిన్నదే. కాఫీ తాగి, కంకర గుంట దాకా వెళ్లి, తుపాకీ ఒకసారి పేల్చి చూసుకుని, భోజనం వేళకి ఇంటికి చేరాలి. జింకల వేట మొదలవడానికి ఇంకా రెండు వారాలుంది. వంటింట్లో భార్య సైమా రొట్టెలకి పిండి పిసుకుతోంది. బయట మంచు పడుతోంది. అమెరికా ఉత్తర కొసన, మా సుపీరియర్ సరస్సు ఒడ్డున నవంబరులో మంచు పడకపోతేనే వింత.

అర్వో ఊపిరితిత్తుల్ని రాగి గని ఎప్పుడో తినేసింది. వచ్చే వేసవి చూడటం కష్టమని డాక్టరు చెప్పినప్పుడు అర్వో తలూపి, "గాలి లోపలికి పోతోందండీ, బయటికే రానంటోంది. నా తుపాకీకీ ఇదే జబ్బు" అన్నాడు. డాక్టరు నవ్వలేదు. ఆయన వేటాడే మనిషి కాదు.

తుపాకీ జబ్బు నిజమే. అది ఒక గుండు పేలగానే ఖాళీ గుల్లని తనంతట తానే బయటికి ఉమ్మేసి, కొత్త తూటాని లోపలికి లాక్కోవలసిన రకం. వయసులో ఉన్నప్పుడు అలాగే చేసేది. కిందటేడు వేటలో అర్వో మొదటి గుండు గురి తప్పింది. ఖాళీ గుల్ల లోపలే బిగుసుకుపోయి రెండో తూటాకి దారి ఇవ్వలేదు. కొమ్ముల జింక వెనక్కి తిరిగి, అర్వో పడుతున్న తంటాలన్నీ కాసేపు చూసి, తాపీగా నడుచుకుంటూ వెళ్లిపోయింది.

గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, దాని మీద పేరు రాసి, వేట గుడిసె గోడకి మేకు కొట్టడం మా వైపు తాతల నాటి ఆచారం. ఆ ముక్క దిగాలంటే అదే మనిషి అదే తుపాకీతో జింకని పడగొట్టాలి. అర్వో చొక్కాని కోసింది సైమా తమ్ముడు తౌనో. బావ చొక్కా కోసే అవకాశం కోసం అతను పెళ్లినాటి నుంచీ కాచుకుని ఉన్నాడు. డాక్టరు మాట చెప్పిన రోజున మాత్రం నవ్వడం మానేశాడు.

ఆ రోజు కాఫీ బల్ల దగ్గర అర్వో అందరికీ వినబడేలా చెప్పాడు. "ఆ ముక్క గోడ దిగేదాకా నేనెక్కడికీ పోను. రాసి పెట్టుకోండి."

పాపం, పోయేలోగా ఒక్క జింకని కొట్టాలనుకుంటున్నాడని అందరూ అనుకున్నారు. సైమా ఏమనుకుందో ఎవరూ అడగలేదు. ఆవిడ పోస్తున్న కాఫీ కప్పు నిండి, సాసరు నిండి, బల్ల మీదికి పారింది.

కంకర గుంటకి అర్వోతో తౌనో, పక్కింటి వెయిక్కో కూడా వెళ్లారు. మొదటి గుండు పేలింది. గుల్ల ఇరుక్కుంది. కర్రపుల్ల గొట్టంలో దూర్చి పొడిస్తే ఊడి వచ్చింది. రెండోది పేలి గుల్ల బయటపడింది కానీ, తరవాతి తూటా తలుపులో అడ్డం పడ్డ మంచంలా సగంలో వంకరగా నిలిచిపోయింది. అర్వో దాన్ని వేలితో తోస్తూ ఆయాసపడ్డాడు.

ఫిన్లాండు నుంచి వలస వచ్చిన మా వాళ్లలో ఒక మర్యాద ఉంది. ఒకడి తుపాకీ బాగాలేదని వాడి మొహం మీద అనకూడదు. కావాలంటే వాడి మొహమే బాగాలేదని అనొచ్చు.

"గాలి ఉంది" అన్నాడు వెయిక్కో.

"ఉంది మరి" అన్నాడు తౌనో.

అంతే. ముగ్గురూ ఇంటికి వచ్చేశారు.

వెచ్చటి గదిలోంచి చలిలోకి తెస్తే తుపాకీకి చెమట పట్టి, ఆ చెమట గడ్డకడుతుంది. అందుకని దాన్ని మేము వసారాలోనే వేలాడదీస్తాం. వసారాలకి తాళాలు వెయ్యం. రాబోయే అనర్థానికి ఈ రెండు అలవాట్లే చాలు.

తౌనో గ్యారేజీలో మెకానిక్కుగా రిటైరైనవాడు. నూనెతో నయం కాని రోగం లోకంలో లేదని అతని నమ్మకం. అక్కా బావా ఆవిరి స్నానానికి సౌనా గదిలో ఉన్న వేళ చూసి వసారాలో దూరి, తూటా గదిని బ్రష్షుతో తోమి, బోల్టుకీ గొట్టానికీ తలంటినట్టు నూనె పట్టించి, పిల్లిలా జారుకున్నాడు.

మర్నాడు అర్వో ఆసుపత్రికి వెళ్లినప్పుడు వెయిక్కో వచ్చాడు. స్కూలు బస్సు నడిపి నడిపి, జాగ్రత్త అనేది ఎముకల్లో ఇంకిన మనిషి. తుపాకీ కింద నేల మీద నూనె మడుగు చూసి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఈ చలిలో నూనె జిగురు కడుతుందని చంటిపిల్లలకి తెలుసు. అర్వోకి తెలియదా? అంటే రోగం తలకెక్కిందన్నమాట. కళ్లు తుడుచుకుని, తుపాకీ మొత్తం పెట్రోలుతో కడిగి, బొట్టు తడి లేకుండా ఆరబెట్టాడు. తుపాకీ కడుపులో తూటాలు పేర్చే పెట్టె మూతి వదులైందనిపించి పట్టకారుతో కాస్త లోపలికి నొక్కాడు.

తన వైద్యం ఎలా పనిచేస్తోందో చూడటానికి తౌనో మళ్లీ వచ్చాడు. తుపాకీ ఎండుకట్టెలా ఉంది. పెట్టె మూతి నొక్కుకుపోయి ఉంది. "అయ్యో బావా! నూనె కడిగేశావా! చేతికి అందిందల్లా వంచుకుంటూ కూచున్నావా!" అని తనలో తాను కుమిలిపోయి, మూతిని బయటికి వంచి, స్ప్రింగు సాగదీసి, ఈసారి రెట్టింపు నూనె పోశాడు. వెయిక్కో వచ్చి దాన్నీ కడిగాడు. వారం తిరిగేసరికి ఆ పెట్టె మూతి పండు ముసలమ్మ పెదవుల్లా తయారైంది.

ఇద్దరూ కోఆపరేటివ్ దుకాణంలో ఎదురుపడ్డారు.

"మనవాడి తుపాకీ చూశావా?" అన్నాడు వెయిక్కో గొంతు తగ్గించి.

"చూశాను. నువ్వూ చూశావా?"

"చూశాను. ఒకరోజు నూనె, ఒకరోజు ఎండు. పాపంరా, తల కూడా పోయింది."

"అక్కకి చెప్పకు. తట్టుకోలేదు."

తాము చెయ్యి పెట్టిన సంగతి ఒకరికొకరు చెప్పుకోలేదు. మర్యాద అడ్డొచ్చింది.

ఆ రోజు నుంచి ఇద్దరూ అర్వోతో గట్టిగా, మెల్లగా, ఒక్కో మాటా విడదీసి మాట్లాడసాగారు. "బావా! ఇది! కాఫీ! వేడిగా ఉంది!" అని తౌనో కప్పు చేతికిచ్చేవాడు. వెయిక్కో కనిపించినప్పుడల్లా అతని బూట్ల తాళ్లు వంగి కట్టేవాడు. ఎవరు చెప్పారో గానీ పాస్టరుగారు వచ్చి, ఏలకుల రొట్టె నాలుగు ముక్కలు తిని, అర్వో చెయ్యి వదలకుండా పట్టుకుని కూచున్నారు.

పాస్టరుగారు వెళ్లగానే అర్వో వంటింట్లోకి నడిచాడు.

"డాక్టరు ఫోను చేశాడా?" అని సైమాని అడిగాడు.

"లేదే. ఏం?"

"ఏం లేదు."

తనకి చెప్పని సంగతేదో వాళ్లకి చెప్పారని, ఇక వేసవి మాట దేవుడెరుగు, మిగిలినవి రోజులేనని అతనికి ఖాయమైంది. భయం వేసింది. ఆ భయాన్ని ఎవరితో చెప్పుకోవాలో తెలియక, చెయ్యగలిగిన పని చేశాడు. చేపల కోసం సరస్సు మంచుకి కన్నం పెట్టే బర్మాని తౌనోకి ఇచ్చేశాడు. పడవ తాళంచెవి తీసి వెయిక్కో జేబులో వేశాడు. ఆ పడవ మీద వెయిక్కోకి ఎన్నో ఏళ్లుగా కన్నుంది. ఇప్పుడు అది చేతికొస్తే కట్టెల కొట్టు వెనక్కి వెళ్లి ఏడ్చాడు.

వేటకి ముందురోజు సాయంత్రం గుడిసెకి బయలుదేరుతుంటే, సైమా రొట్టెల బుట్ట బండిలో పెట్టి, వెనక్కి వెళ్లి తుపాకీ కూడా తనే పట్టుకొచ్చింది.

"నేను తెచ్చుకుంటానుగా" అన్నాడు అర్వో.

"ఆయాసపడకు. కూచో."

ఆవిడ పెళ్లయ్యాక తుపాకీ ముట్టుకోవడం అదే మొదలు. ఆ హడావిడిలో ఎవరూ పట్టించుకోలేదు.

మా వైపు అడవిలో కూచున్నవాడికి చెవులే కళ్లు. ఒక గుండు వినబడితే జింక పడ్డట్టు. రెండు వినబడితే అనుమానం. మూడు వినబడితే జింక లేనట్టే. తెల్లవారి కాసేపటికి అర్వో మాటు వేసిన వైపు నుంచి ఒక్క గుండు పేలింది. తరవాత నిశ్శబ్దం.

తౌనో, వెయిక్కో చెరో వైపు నుంచి మోకాళ్ల లోతు మంచులో పడుతూ లేస్తూ పరిగెత్తారు. ఒక్కటే! కొట్టేశాడు!

అర్వో మొద్దు మీద కూచుని ఉన్నాడు. ఒళ్లో తుపాకీ. గుల్ల లోపలే ఇరుక్కుని ఉంది.

"తప్పింది" అన్నాడు. "అది కదల్లేదురా. నిలబడే ఉంది. రెండోది పేలుంటే పడేది."

తౌనో మంచులో కూలబడ్డాడు. "బావా, పాపం నాది. నూనె పోసింది నేనే. నువ్వు కడిగేస్తుంటే మళ్లీ మళ్లీ పోశాను."

"నేనెప్పుడు కడిగానురా?"

"కడిగింది నేను" అన్నాడు వెయిక్కో నేల చూపులు చూస్తూ. "పెట్టె మూతి నొక్కింది కూడా నేనే."

"నువ్వా! దాన్ని సాపు చెయ్యలేక చచ్చాను కదరా! నీకు బస్సు తప్ప ఇంకేం తెలుసని పట్టకారు పట్టావు?"

"నువ్వు పోసిన నూనెకి నేలంతా వంటిల్లయింది! నాలిక లేదూ? ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"నీకు లేదూ?"

నలభై ఏళ్లలో వాళ్లిద్దరూ అన్ని మాటలు ఆడుకున్నది ఆ పొద్దునే. అర్వో చెయ్యెత్తి ఆపాడు.

"ఉండండి. మరి నాతో చెవిటివాడితో మాట్లాడినట్టు మాట్లాడారేం?"

"నీకు మతి పోయిందనుకుని..."

"డాక్టరు మీకేమీ చెప్పలేదా?"

"డాక్టరు మాకెందుకు చెప్తాడు?"

అర్వో వెయిక్కో వైపు చెయ్యి చాచాడు. "పడవ తాళంచెవి ఇలా తే."

గుడిసెకి వచ్చి, బల్ల మీద తుపాకీ విప్పారు. తౌనో దీపం పెట్టి తూటా గదిలోకి చూశాడు. నూనె లేదు. తుప్పు లేదు. సన్నటి పసుపు పొర ఒకటి గాజులా గట్టిపడి మెరుస్తోంది. పుల్లతో గీకి వాసన చూశాడు. మళ్లీ చూశాడు. అప్పుడు తలెత్తి, వెయిక్కో తింటున్న రొట్టెకేసి చూశాడు. ఆ రొట్టె పైన పూసిన పాకం కూడా గాజులా మెరుస్తోంది. ఊళ్లో పాకంలో సైతం ఏలకులు వేసేది సైమా ఒక్కతే.

ఆ ముక్క గోడ దిగేదాకా నేనెక్కడికీ పోను అన్న మాట ముగ్గురికీ ఒకేసారి చెవిలో పడ్డట్టయింది. గోడ మీద చొక్కా ముక్క మేకు పట్టుకుని వేలాడుతూనే ఉంది.

అర్వో పుల్ల అందుకుని, కొసన అంటిన పాకం నాలిక మీద పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. నవ్వొచ్చింది, నవ్వు దగ్గయింది, దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. కళ్లలో నీళ్లు వాటిలో దేనివో తెలియలేదు.

"తుప్పు" అన్నాడు చివరికి. "పాత తుపాకీ కదా."

"తుప్పే బావా."

"ముదురు తుప్పు" అన్నాడు వెయిక్కో రొట్టె నములుతూ.

ఇంటికి వెళ్లేసరికి సైమా గుమ్మంలో నిలబడి ఉంది.

"పడిందా?"

"లేదు. తుప్పు పట్టి ఇరుక్కుంది."

"ఐతే ఆ ముక్క?"

"గోడ మీదే ఉంది. వచ్చే ఏడు చూద్దాం" అని బుట్ట అందించాడు అర్వో. "పాకం ఈసారి కాస్త ముదిరిందే."

సైమా బుట్ట తీసుకుని, అటు తిరిగి, పొయ్యి మీద కాఫీ పెట్టింది.

అర్వో జనవరిలో పోయాడు. మా వైపు చలికాలం నేల రాయైపోతుంది, గొయ్యి తవ్వడం ఎవరి తరమూ కాదు. శవపెట్టెని శ్మశానం గదిలో ఉంచి, నేల మెత్తబడేదాకా ఆగాలి. ఎక్కడికీ పోనన్నవాడు మే నెల దాకా నిజంగానే ఎక్కడికీ పోలేదు. ఆ నెలలో సైమా ఒక్కతే గుడిసెకి నడిచి వెళ్లి, తన చేత్తో మేకు పీకి, చొక్కా ముక్క తెచ్చి పెట్టె మీద పెట్టింది. గుడిసె చట్టం సంగతి ఆవిడకి గుర్తుచేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

గొయ్యి పూడ్చాక తౌనో బావ తుపాకీ తీశాడు. దాని పాత మురికి ఆ నూనెకీ పెట్రోలుకీ ఎప్పుడో వదిలింది; వేట తరవాత వేడినీళ్ల స్నానం తప్ప ఇంకే వైద్యమూ జరగలేదు, తూటాల పెట్టె మూతి ఒక్కటి కొత్తది. ఆకాశంలోకి కాల్చాడు. ఖాళీ గుల్ల ఎగిరి గడ్డిలో పడింది, తరవాతి తూటా మెత్తగా లోపలికి వెళ్లింది, ఎక్కడా ఇరుక్కోలేదు. వరసగా మూడు గుళ్లూ పేలాయి. మా లెక్కలో మూడు వినబడితే జింక లేనట్టే.