కెమెరా లేని అలాయ్ బలాయ్

ప్రపంచశాంతి ఇక చేవెళ్ల దాటి పోదని మన నాయకుడు సత్తయ్య గారు ప్రెస్‌మీట్ పెట్టి మరీ ప్రకటించారు. ఆయన మాట తప్పే మనిషి కాదు. తేదీ చెప్పరు కాబట్టి తప్పే అవకాశమూ లేదు. అజీజ్‌నగర్ రిసార్టులో ఏటా ఆయన జరిపించే శాంతి, సయోధ్య డాక్యుమెంటరీ చిత్రోత్సవానికి ఇది మూడో ఏడు. మొదటి రెండేళ్లూ ఎక్కడెక్కడి యుద్ధాలనో తెప్పించి చూపించారు. ఈసారి మన మట్టిలో పుట్టిన పగే కావాలన్నారు. లోకల్ టాలెంట్‌ను ప్రోత్సహించడంలో ఆయన తర్వాతే ఎవరైనా.

ఆ ప్రోత్సాహం వచ్చి వచ్చి ముడిమ్యాలలో చామంతులు కోసుకుంటున్న సాలోమోను నెత్తిన పడింది. సాలోమోను పూలు రోడ్డెక్కాలంటే పక్కనున్న సంగయ్య చెలకలోంచే ఆటో పోవాలి. ఆ బాట మీద ఇద్దరికీ మూడేళ్లు మాటల్లేవని మండలమంతా ఎరుగును. పిలక వేసుకున్న డైరెక్టర్‌నొకణ్ణి వెంటబెట్టుకుని సత్తయ్య గారు గట్టు మీదికే కారు తెచ్చారు.

"సాలోమోనూ, మీ పంచాయితీ తెంపుత. సినిమా తీస్త."

"అది తెగింది గదన్నా! మొన్న దసరాకు సంగన్ననే జమ్మి ఆకు నా చేతుల వెట్టి అలాయ్ బలాయ్ ఇచ్చిండు. బాట ఇడిసిండు. క్రిస్మస్‌కు నేను గూడ ఆళ్లింటికి కేక్ పంపిన."

సత్తయ్య గారి ముఖం వాడిపోయింది. "కెమెరా లేకుంట ఎట్ల కలిసిర్రయ్యా?"

సాలోమోనుకు నిజంగానే సిగ్గేసింది. అంత పెద్దమనిషికి ఒక మాటైనా చెప్పకుండా కలిసిపోవడం తప్పే మరి.

"ఫికర్ చెయ్యకు," అని ఆయనే ధైర్యం చెప్పారు. "జర మళ్ల కొట్లాడుర్రి. నాలుగు దినాలే. ఆఖర్ల నేను కలుపుత."

మొదటి షాట్‌కు సంగయ్య నవ్వుకుంటూనే ముళ్లకంప ఈడ్చుకొచ్చి బాటకు అడ్డం వేశాడు. నవ్వితే ఇంటర్నేషనల్‌లో నడవదన్నాడు డైరెక్టర్. ఇక తిట్లు మొదలయ్యాయి.

"నీ యవ్వ, సాలోమోనన్నా..."

"కట్! అన్న అనొద్దు!"

"ఏందే సంగన్నా, నన్నే..."

"కట్!"

పదకొండో టేకుకు ఎండ నడినెత్తికొచ్చింది. కడుపులో ఆకలి, చెవిలో డైరెక్టర్ కేకలు. సాలోమోనుకు నోరు జారింది. "మీ నాయన గూడ గిట్లనే గట్టు జరిపి జరిపి సచ్చిండు!"

సంగయ్య ఉరికొచ్చి కాలర్ పట్టాడు. "సూపర్!" అన్నాడు డైరెక్టర్. కట్ చెప్పినా సంగయ్య కాలర్ వదల్లేదు. ఆనాటి షూటింగ్ అయిపోయింది, కంప మాత్రం బాట మీదే ఉండిపోయింది. ఆటో రాక రెండు కోతల చామంతులు చెట్టు మీదే మాడిపోయాయి.

"సినిమాల ఏషం కట్టినవ్, ఉన్న బాట పోగొట్టుకున్నవ్," అని భార్య ప్రేమమ్మ రెండు పూటలా అంటూనే ఉంది.

ఆఖరి షాట్‌లో కావలించుకోమంటే ఇద్దరూ చెరో దిక్కు తిరిగారు. సత్తయ్య గారు అధైర్యపడలేదు. సాలోమోనును తానే కావలించుకున్నారు, సంగయ్యనూ తానే కావలించుకున్నారు. శాంతి కోసం అంత శ్రమ ఒంటిచేత్తో పడ్డ నాయకుణ్ణి ఈ జిల్లా చూసి ఉండదు.

ఉత్సవం నాడు, ఎట్లాగైనా సత్తన్న కాళ్లు పట్టుకుని బాట తెరిపించుకోవాలని సాలోమోను బస్సెక్కి అజీజ్‌నగర్ పోయాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు.

"పాస్ ఉన్నదా?"

"నేను సినిమాల ఉన్న!"

"సినిమాల ఉన్నోళ్లు సినిమాల ఉండాలె. గేటు కాడ ఏం పని?"

పక్కకు జరిగి చూస్తే అక్కడే తన బండి దగ్గర సంగయ్య. అతనికీ పాస్ లేదు. ఇద్దరి నెత్తి మీదా ఒకటే ఫ్లెక్సీ. నడుమ సత్తయ్య గారు నిలువెత్తున నవ్వుతున్నారు. ఆయన రెండు చంకల కింద వీళ్లిద్దరి తలకాయలు. లోపల చప్పట్లు మోగాయి. ఉత్తమ సయోధ్య అవార్డు సత్తయ్య గారికేనని మైకు మూడుసార్లు చెప్పింది.

సంగయ్య ఫ్లెక్సీని తేరిపార చూశాడు. "నా తలకాయ కంటే ఆయన ఉంగరమే పెద్దగున్నది."

సాలోమోనుకు నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూనే సంగయ్య వైపు తిరిగాడు. "సంగన్నా, మీ నాయన మాట... తప్పయింది. బుద్ధి గడ్డి తిన్నది."

సంగయ్య బండికి తాళంచెవి పెట్టాడు. "పొద్దుగాల కంప తీస్త. ఆటోకు చెప్పుకో. ఎక్కు."

ఎక్కాడో లేదో, లోపలి నుంచి మండల యూత్ ప్రెసిడెంట్, నలభై ఏడేళ్ల గిద్యోను ఉరికొచ్చాడు.

"ఆగుర్రి! ఒక్క బండి మీద ఏందిది? వచ్చే యేడు సెకండ్ పార్ట్ ఉన్నది. అన్న గిప్పుడే స్టేజీ మీద అనౌన్స్ చేసిండు. అందాక మీరు కలవొద్దు, కంటిన్యుటీ దెబ్బతింటది!"

సాలోమోను బుద్ధిగా దిగాడు. సంగయ్య అతని వంక గుర్రుగా చూసి, "పోరా, నీ మొకం సూడ," అని బండి లేపుకుని పోయాడు. గిద్యోను తృప్తిగా ఫోన్‌లో ఒక ఫోటో తీసుకున్నాడు.

సాలోమోను తల వంచుకుని మూలమలుపు దాకా నడిచాడు. అక్కడ చెట్ల చాటున, ఇంజన్ బంద్ చెయ్యకుండా సంగయ్య అద్దంలోకి చూస్తున్నాడు.

"గిద్యోను పోయిండా?"

"పోయిండు."

"ఎక్కు జల్ది. ఎవలన్న సూస్తరు."