మంచి కుటుంబం నుంచి వచ్చిన మందు

ఒక పెద్ద అడవిలో అడవికి మించిన దర్బారు ఉండేది. దాన్ని ఏలే సింహానికి మూడేళ్లుగా కడుపు బాగాలేదు. తిన్నది తిన్నట్టే పోయేది. మధ్యలో పొదల్లోకి పరిగెత్తకుండా ముగిసిన సభ ఒక్కటీ లేదు.

ఆస్థాన వైద్యుడు భల్లయ్య అనే ముసలి ఎలుగుబంటి. వేర్లయ్యాయి, బెరళ్లయ్యాయి, గుణం మాత్రం లేదు.

"పున్నమిలోగా తగ్గకపోతే నీ తోలు నా గుహలో పరిపిస్తా," అంది సింహం.

భల్లయ్య చేతులు జోడించాడు. "ఒక్క దారుంది ప్రభూ. పేగుల్లో కంటికి కనపడని సూక్ష్మజీవులు కాపురముంటాయి. తమరి కడుపులో మంచివి నశించాయి. ఆరోగ్యంగా ఉన్నవాడి మలం కాస్త తేనెలో కలిపి మింగితే, అందులోవి తమరి కడుపులో నిలదొక్కుకోవచ్చు. ఖాయమని మాత్రం చెప్పలేను."

సింహం మొహం అదోలా పెట్టింది. "ఎవరిది?"

"అడవిపంది కోరయ్యది. పుట్టాక ఒక్కనాడూ కడుపునొప్పి ఎరగడు."

సభంతా గొల్లుమంది. "పందిదా? ప్రభువుల కడుపులోకా?" అంటూ దుప్పి ముక్కు మూసుకుంది. మలమైతే ఫరవాలేదట, పందిది కాకూడదట. వీళ్ల శుచి ఇలా ఏడ్చింది.

కార్యదర్శి గుంటనక్క చతురప్ప చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "ఏడు తరాలుగా దర్బారు ఎంగిలి తిని బతికిన వంశం మాది. ఆ భాగ్యం నాకిప్పించండి."

సింహం వెంటనే ఒప్పుకుంది.

చతురప్ప రోజుకు ఆరుసార్లు పుట్ట వెనక్కి పోతాడని భల్లయ్యకు తెలుసు. ఆ మాట అంటే నక్క బతకనివ్వదు, అనకపోతే సింహం బతకనివ్వదు. అందుకని చతురప్ప ఇచ్చిన దొప్పను వాగులో పారేసి, కోరయ్య దగ్గర తెచ్చింది తేనెలో కలిపి, చతురప్ప పేరు చెప్పి తాగించాడు.

పదిరోజులకు సింహం సభలో రెండు పూటలు కదలకుండా కూర్చుంది. చతురప్పకు పూలదండ వేసింది. "ఇకనుంచి అందరూ చతురప్ప మందే తాగాలి. వద్దన్నవాడు రాజద్రోహి."

భల్లయ్య నోరు తెరిచాడు. తోలు గుర్తొచ్చి మూసుకున్నాడు.

ఈసారి పంపకం చతురప్పే స్వయంగా చూసుకున్నాడు. పందులకు అర్హత లేదని వాటికి ఇవ్వలేదు. వారం తిరక్కుండా అడవి అడవంతా పొదల్లోనే ఉంది.

విచారణ సంఘం వేశారు. అధ్యక్షుడు చతురప్ప. ఒక్కరోజులో నివేదిక వచ్చేసింది: "అందరికీ జబ్బు చేసింది. పందులకు చేయలేదు. కాబట్టి ఇది పందుల పనే. బహిష్కరించాలి."

కోరయ్య భల్లయ్య దగ్గరికొచ్చాడు. "నువ్వొక్క మాట చెప్తే చాలు కదన్నా."

భల్లయ్య నేల చూశాడు. సిగ్గేసింది, నిజంగానే వేసింది. నోరు మాత్రం లేవలేదు. పందులన్నీ పిల్లాజెల్లాతో వాగు దాటి వెళ్లిపోయాయి.

వానలు వెలిశాక సింహానికి మళ్లీ మొదలైంది. "ఆ పాత మందే పట్రా," అంది నీరసంగా.

భల్లయ్య వాగవతల మూడు కొండలు వెతికాడు. ఒక్క పందీ కనపడలేదు. తిరిగొచ్చి, చతురప్ప ఇచ్చిన దొప్పనే తేనెలో కలిపి తాగించాడు. నాలుగోనాడు సింహం పోయింది.

సంతాపసభలో చతురప్ప కళ్లొత్తుకున్నాడు. "ప్రభువులు చివరిదాకా నన్ను కడుపులో పెట్టుకున్నారు."

అందరూ చప్పట్లు కొట్టారు. భల్లయ్య కూడా కొట్టాడు.

నీతి: మందు పనిచేయకపోయినా ఫరవాలేదు గానీ, మంచి కుటుంబం నుంచి రావాలి.