ప్రాణం పోసే నాబ్

ఆ ఉదయం రికార్డింగ్ ఇంజనీరు వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నంలోపు ఒక బ్యాండు పాట ముగించాలి, ఆ తర్వాత కాస్త నడుం వాల్చాలి. నెలాఖరున రేడియోలో కొత్త బ్యాండ్ల కార్యక్రమం ఉందని తెలిసినప్పటి నుంచి, ఊళ్లో గిటారు పట్టిన ప్రతివాడూ ఆయన గుమ్మం ముందే తేలుతున్నాడు. ఏడాదంతా నిద్రపోయిన పాటలన్నిటికీ ఒకేసారి మెలకువ వచ్చింది. వాళ్లంతా ఈయన దగ్గరికే రావడానికి కారణం ఇంటి వెనకనున్న ఆ ఇరుకు గది కాదు, అందులో గొంతులనీ వాయిద్యాలనీ కలిపే పాత మిక్సరూ కాదు. ఆయన చెవులు. ఆయన "బాగుంది" అంటే బాగున్నట్టే, "ఇంకోసారి" అంటే ఇంకోసారే. ఆ మాట మీద జనానికున్న నమ్మకమే ఆయన ఆస్తి.

వచ్చిన బ్యాండులో గిటారిస్టుకు చేయి ఊరుకోదు. మిక్సర్ మీద ఏ నాబ్ కనిపిస్తే దాన్ని తిప్పేస్తాడు.

"నా గిటారు వినిపించట్లేదన్నా."

"ఎందుకు వినిపించట్లేదు? నా గొంతు మింగేసేంత వినిపిస్తోంది," అంది గాయని.

"మరి ప్రాణం లేదేం?"

ఇంజనీరుకు ఓపిక నశించింది. అతని చేయి పట్టుకుని మూలనున్న ఎర్ర నాబ్ మీద పెట్టాడు. "ఇదిగో, పాటకు ప్రాణం పోసేది ఇదే. ఇది నీది. నెమ్మదిగా తిప్పుకో. మిగతావి మాత్రం ముట్టుకోకు."

ఆ నాబ్ ఒకప్పుడు పాటకు ప్రతిధ్వని కలిపేది. లోపల వైరు ఊడిపోయి చాలాకాలమైంది. ఇప్పుడు తిప్పినా ఒకటే, తిప్పకపోయినా ఒకటే. ఏడుస్తున్న పిల్లాడి చేతికి ఖాళీ డబ్బా ఇచ్చినట్టు ఇచ్చాడంతే.

గిటారిస్టు ఊపిరి బిగబట్టి తిప్పుతూ తిప్పుతూ ఏడు అంకె దగ్గర ఆగాడు. "ఆఁ! వచ్చింది!"

"అవునన్నా, నా గొంతుకి కూడా చోటు దొరికింది," అంది గాయని.

దెబ్బలాట ఆగింది, పాట పూర్తయింది. వాళ్లు వెళ్లాక ఇంజనీరు తలుపు వేసి తానూ ఒకసారి తిప్పి చూశాడు. ఏమీ లేదు. మరి వాళ్లు విన్నదేమిటి? నడుం వాల్చాడన్న మాటే గానీ, ఆ ప్రశ్న చెవిలో జోరీగలా తిరుగుతూ నిద్ర పట్టనివ్వలేదు.

మర్నాడు ఇంకో బ్యాండు దిగింది. వాళ్ల డ్రమ్మరు గుమ్మంలోంచే అడిగాడు, "ఆ ఎర్ర నాబ్ మాకూ పెట్టవా అన్నా?" పోయేదేముందని నాలుగు మీద పెట్టి పాట రికార్డు చేసి పంపాడు. సాయంత్రానికల్లా డ్రమ్మరు మళ్లీ ప్రత్యక్షమయ్యాడు.

"వాళ్లకి ఏడు, మాకు నాలుగా? మేమేం పాపం చేశాం?"

"మీ పాటలో పుట్టుకతోనే ప్రాణముంది. ఎక్కువైతే వేడి చేస్తుంది," అన్నాడు ఇంజనీరు నోటికొచ్చినట్టు.

ఆ ముక్క గిటారిస్టు చెవిన పడింది. తమ పాటకు వేడి చేసిందేమోనని పరుగెత్తుకొచ్చి, మొత్తం మళ్లీ రికార్డు చేయించాడు. అది విని డ్రమ్మరు తనకూ మళ్లీ చేయాలన్నాడు. చేసిన పనే మళ్లీ మళ్లీ చేయలేక ఇంజనీరు, "నాబ్ అలిసిపోయింది, దానికి విశ్రాంతి కావాలి," అన్నాడు. నిజానికి విశ్రాంతి కావలసింది ఆయనకు. తెల్లారేసరికి డ్రమ్మరు తన ఇంట్లోని టేబుల్ ఫ్యాను తెచ్చి నాబ్ ముందు పెట్టాడు. ఇంజనీరు చెమటలు కక్కుతూ పక్కనే కూర్చుని పనిచేశాడు.

ఇదంతా చూస్తున్న భార్యకు కుతూహలం ఆగలేదు. "ఏమండీ, అసలదేం చేస్తుంది?"

నిజం చెబితే ఆవిడ నవ్వుతుంది. ఆవిడ నవ్వితే వీధి వీధంతా ఎందుకని అడుగుతుంది. "చెప్పినా నీకర్థం కాదులే," అనేశాడు.

కొరివితో తల గోక్కోవడమంటే అదే. ఆవిడకు రోషం వచ్చింది. ఫ్యాన్లూ మోటార్లూ బాగుచేసే తమ్ముణ్ణి పిలిపించింది. ఇంజనీరు కేబుళ్ల కోసం బజారుకు వెళ్లగానే బావమరిది మిక్సర్ మూత విప్పాడు.

"అక్కా, దీనికి వైరే లేదు!"

"అయ్యో! పాపం, తెలీక తిప్పుతున్నట్టున్నారు. పెట్టెయ్యరా."

"బావకి చెప్పొద్దా?"

"వద్దు, చిన్నబుచ్చుకుంటారు."

ఆ సాయంత్రమే పాటలు ఎంచడానికి రేడియో మేడమ్ స్వయంగా వచ్చింది. రెండు బ్యాండ్లూ గదిలో కిక్కిరిశాయి. ఆవిడ కుర్చీలో కూర్చోకముందే, "ఏదీ, అందరూ చెప్పుకుంటున్న ఆ నాబ్ చూపించండి," అంది. గిటారిస్టు తన పాట పెట్టించుకుని, పెళ్లికొడుకులా ముందుకొచ్చి ఏడు దాకా తిప్పాడు.

పాట బావిలో పడింది. గాయని గొంతు గోడగోడకూ గుద్దుకుని తిరిగొచ్చింది. డ్రమ్ము మీద ఒక్క దెబ్బ పడితే పది వినిపించాయి. ఇంజనీరుకు నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది.

"నాబ్ పాడైపోయింది!" అని గిటారిస్టు గావుకేక పెట్టాడు.

"పాడవడమేంటండీ?" గుమ్మంలోంచి బావమరిది అన్నాడు. "ఇవాళేగా బాగుచేశాను. ఇన్నాళ్లూ దానికి వైరే లేదు."

ఇంజనీరు తల దించుకున్నాడు. సిగ్గుతో ఆయన చెవులు మండుతున్నాయి. ఇంక ఎవరు నమ్ముతారు తన మాట? పోయేది ఎలాగూ పోయింది, కనీసం నిజం చెప్పి పోగొట్టుకుందామనుకున్నాడు.

"అతను చెప్పింది నిజమే. అది ఉత్త నాబ్. మీ చేతులు ఆపడానికి అబద్ధం చెప్పాను. క్షమించండి."

ముందుగా గాయని నవ్వింది. "ఎవరికి చెప్తావన్నా? మాకు చెవుల్లేవా?"

"పనితనం ఉన్నవాళ్లు ఇలాగే దాచుకుంటారు," అంది రేడియో మేడమ్ మెచ్చుకోలుగా.

"బావాబావమరుదులు నాటకం భలే ఆడారు," అన్నాడు డ్రమ్మరు.

గిటారిస్టు మాత్రం నవ్వలేదు. బావమరిది వైపు తిరిగి, "ముందు మీరు పెట్టిన వైరు పీకేయండి," అన్నాడు. అతను అక్క మొహం చూసి, పీకి జేబులో వేసుకున్నాడు. నాబ్ మళ్లీ ఏడుకు చేరింది. గదంతా "ఆఁ" అని తృప్తిగా ఊపిరి వదిలింది. రేడియో మేడమ్ మాత్రం, "ఎనిమిది చేస్తే ఇంకా నిండుగా ఉంటుందేమో," అంది. చేశారు. ఉంది. రెండు పాటలూ ఎంపికయ్యాయి.

అందరూ వెళ్లిపోయాక ఇంజనీరుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. అబద్ధం చెప్పినప్పుడు నమ్మినవాళ్లు, నిజం చెబితే నమ్మలేదు. పేరు నిలబడిందో పోయిందో ఆయనకే అంతుపట్టలేదు. భార్య వచ్చి పక్కన కూర్చుంది.

"ఇప్పుడైనా చెప్పండి. నిజంగా అదేమీ చెయ్యదా?"

"ఏమీ చెయ్యదు. వైరు మీ తమ్ముడి జేబులో ఉంది."

"అయితే నేనూ చూస్తాను," అని ఆవిడ పాట పెట్టించి, నెమ్మదిగా తిప్పడం మొదలుపెట్టింది. ఐదు దాటింది, ఆరు దాటింది, ఏడూ దాటింది.

"కొంచెం వెనక్కి," అన్నాడు ఇంజనీరు.