చేయి వేయుటకు కావలసిన అర్హతలు

ఫిజియోథెరపీ అర్హతా మండలి అధ్యక్షులవారు తమ సొంత కోడలి లైసెన్సు దరఖాస్తును స్వహస్తాలతో తిరస్కరించిన శుభ సందర్భంలో, మండలి సభాభవనంలో వారికి ఘనంగా అభినందన సభ జరిగింది. కుర్చీలన్నీ నిండాయి. నిండక ఏం చేస్తాయి, లైసెన్సుల కోసం చెప్పులరిగేలా తిరుగుతున్నవాళ్లంతా వచ్చారు మరి.

పడి లేవలేనివాళ్లనీ, పక్షవాతం వచ్చినవాళ్లనీ, ఆపరేషన్లయినవాళ్లనీ మళ్లీ నడిపించే చదువొకటుంది. ఆ చదువు పూర్తిచేసినవాళ్లు నిజంగానే చదివారా, చదివితే సరిగ్గా చదివారా అన్నది తేల్చడం మండలి పని. అధ్యక్షులవారు మాత్రం ఆ చదువు చదవలేదు. అంతకుముందు చాలా ఏళ్లు రోడ్ల శాఖలో తనిఖీలు చేశారు. చదివినవాణ్ణి కూర్చోబెడితే చదివినవాళ్ల పక్షం వహిస్తాడని ప్రభుత్వం దూరాలోచన చేసింది.

కోడలి చదువుకు వంక పెట్టడానికి లేదు. పరీక్షలన్నీ మొదటి తరగతిలో గట్టెక్కింది. కానీ ఆమె కాలేజీ ఇచ్చిన పత్రంలో 'కండరాల శాస్త్రం' అని ఉంది. మండలి నిబంధనల్లో ఉన్నది 'కండర శాస్త్రం'. కండరం ఒకటా, అనేకమా అన్నది తేలకుండా ప్రజల ఒళ్లు ఎలా అప్పగించడం? పోనీ ఆ ఒక్క పాఠమూ మళ్లీ చదువుతానని ఆమె అంటే, ప్యాసైనవాళ్లని అదే పాఠానికి మళ్లీ చేర్చుకోరాదన్న నిబంధన అడ్డొచ్చింది.

సభలో ఉపాధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు.

"సభాసదులారా! ఇంట్లో అన్నం వండి పెట్టే చెయ్యి అని కూడా చూడకుండా, ఆ చెయ్యి రోగి మీద పడకుండా ఆపిన మహానుభావుడు వీరు! ఇలాంటి మామగారు ఇంటికొక్కరుంటే చాలు, మన వృత్తి ప్రమాణాలు ఆకాశాన్నంటుతాయి!"

చప్పట్లు మోగాయి. అధ్యక్షులవారు ఆ చప్పట్లకి చేతులు జోడిస్తూ వేదిక దిగబోయి, దిగాల్సిన మెట్టు చూసుకోలేదు. బోర్లా పడ్డారు. జనం వారి వినయానికి మురిసిపోయి ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఎంతకీ లేవకపోయేసరికి అనుమానం వచ్చింది. హాలు నిండా మనుషుల్ని లేపడం నేర్చుకున్నవాళ్లే. కానీ లైసెన్సు లేకుండా లేపితే జన్మలో లైసెన్సు రాదని వాళ్లకి తెలుసు. చివరికి కారు డ్రైవరు పరిగెత్తుకొచ్చాడు. అతనికి ఏమీ తెలియదు కాబట్టి నిర్భయంగా భుజానేసుకున్నాడు.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చక్కగా జరిగింది. ఎముకల డాక్టరు మాత్రం ఒక మాట చెప్పాడు.

"నేను చేసింది సగమేనండీ. ఇంక మిమ్మల్ని లేపి నడిపించాలి. ఆలస్యం చేస్తే ఆ కాలు మాట వినదు. మంచం పట్టారంటే మంచం మిమ్మల్ని వదలదు."

అధ్యక్షులవారికి తమ అన్నగారు గుర్తొచ్చాడు. ఆయనా ఇలాగే స్నానాలగదిలో జారి పడ్డాడు. కాస్త విశ్రాంతి తీసుకుంటానని పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. వీపంతా పుండ్లు పడి, కిటికీలోంచి వీధిలో పోయేవాళ్ల కాళ్లకేసి చూస్తూ చూస్తూ వెళ్లిపోయాడు. ఆ చూపు తమ్ముడికి ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంటుంది.

ఇంటికి తెచ్చారు. మర్నాడు పొద్దున్నే ఆస్పత్రి నుంచి ఫిజియోథెరపీ సహాయకుడొచ్చాడు. దున్నపోతులాంటి మనిషి, నవ్వుమొహం. కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు.

"ఎందుకొచ్చావయ్యా?" అన్నారు అధ్యక్షులవారు.

"మిమ్మల్ని నడిపించడానికేనండీ."

"మరి నడిపించు."

"ముందు మా మేడమ్‌గారు మిమ్మల్ని పరీక్ష చెయ్యాలండీ. అప్పటిదాకా నేను చెయ్యి వెయ్యకూడదు. మాట సాయం చెయ్యొచ్చు."

"ఆవిడ ఎప్పుడొస్తారు?"

"చెప్పలేనండీ. ఊళ్లో లైసెన్సున్నది ఆవిడొక్కరికే. అది రద్దవకుండా శిక్షణ తరగతులకి పొరుగూరు వెళ్లారు. 'రోగికి సకాలంలో చేయందించుట ఎట్లు' అని పాఠం. మధ్యలో వచ్చేస్తే మళ్లీ మొదటినుంచీ కూర్చోవాలట."

"ఎవరయ్యా పెట్టింది ఈ రూళ్లు?"

"తమరేనండీ" అన్నాడు సహాయకుడు వినయంగా. "చాలా మంచి రూళ్లండీ. నాకు నడుంనొప్పి పూర్తిగా తగ్గిపోయింది."

తరువాత అతను డ్యూటీ మొదలుపెట్టాడు. "లేవండి సార్! లేవగలరు సార్! మీవల్ల కాకపోతే ఎవరివల్లవుతుంది సార్!" అని కుర్చీలోంచి కేకలు వేశాడు. ఒంటిగంటకి క్యారేజీ విప్పుకుని తిని, మళ్లీ కాసేపు లేవమని కేకలేసి వెళ్లిపోయాడు.

కోడలు గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. ఆగలేక అంది.

"మామయ్యగారూ, నేను లేపుతాను. పట్టుమని పది నిమిషాల పని."

"లైసెన్సు లేదు కదమ్మా" అన్నారు ఆయన నొప్పిని పళ్లబిగువున ఆపుకుంటూ.

"పోనీ కోడలిగా లేపుతాను."

అధ్యక్షులవారు ఆలోచించారు. చట్టం వారికి కంఠతా వచ్చు. రోగి కుటుంబ సభ్యులు, ఇంటికి వచ్చిపోవువారు రోగికి చేయూతనివ్వవచ్చును. అయితే వారు ఈ విద్యలో ఎట్టి పరిజ్ఞానమూ లేనివారై యుండవలెను. తెలిసినవారు లైసెన్సు లేకుండా చేస్తే నేరం. తెలియనివారు చేస్తే ప్రేమ. అందువల్ల భార్యకీ, కొడుక్కీ, ఆఖరికి పాలు పోసేవాడికీ కూడా అధ్యక్షులవారిని లేపే హక్కుంది. లేనిది ఆ ఇంట్లో ఒక్కరికే.

భార్యా కొడుకూ లేపారు. కొడుక్కి రంగుల దుకాణం ఉంది. డబ్బాలు ఎత్తిన అలవాటుతో తండ్రిని చంకల్లో చేతులేసి ఒక్క ఊపున లాగాడు. అధ్యక్షులవారి కేక వీధి చివర టైలరుకి వినిపించింది.

"అయ్యో, అలా లాగకండి! పాదాలు నేలకి ఆనాయో లేదో చూడండి ముందు!" అని కోడలు అరిచింది.

"అమ్మాయీ, సలహా ఇవ్వడం కూడా చికిత్స కిందకే వస్తుంది" అన్నారు అధ్యక్షులవారు, కళ్లనీళ్ల మధ్యనుంచి.

అప్పుడు ఇరుగుపొరుగు వాళ్లు పిసుకుడు మాస్టార్ని పంపించారు. ఆయన్ని ఎరగనివాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. నరాలు, కీళ్లు, నడుములు, అన్నీ ఆయన నూనె గిన్నెలోనే నయమవుతాయి. మండలి ఒకసారి ఆయన మీద విచారణ కూడా జరిపింది. ఈ వ్యక్తి ఏమీ చదువుకోలేదు గనుక, చదువు చాలదనే ప్రశ్నే ఉత్పన్నం కాదని, కావున ఈయన మండలి పరిధిలోకి రారని తీర్మానించింది. తీర్మానం నకలును మాస్టారు ఫ్రేము కట్టించుకున్నారు.

మాస్టారు వచ్చి కళ్లు మూసుకుని, కాలు తడిమి, "ముడి ఇక్కడుంది" అని మోకాలినుంచి మడమదాకా చెమటలు కక్కేలా పిసికారు. పిసికింది మంచి కాలు. సాయంత్రానికి రెండు కాళ్లూ సమానంగా నొప్పెట్టాయి. ఇంతకాలానికి ఇంట్లో ఒక నిష్పక్షపాతమైన చికిత్స జరిగింది.

రోజులు గడిచాయి. లేపుదామంటేనే అధ్యక్షులవారు వణికిపోతున్నారు. ఒక పొద్దున భార్య ఆయన దుప్పటి సర్దుతూ ఆగిపోయింది.

"ఏమండీ, వీపు ఎర్రబడింది" అంది. తరువాత పైట నోటికి అడ్డం పెట్టుకుంది. "బావగారిక్కూడా మొదట ఇలాగే..."

అధ్యక్షులవారు కిటికీకేసి చూశారు. వీధిలో ఎవరివో కాళ్లు పోతున్నాయి. చటుక్కున తల తిప్పేసుకున్నారు.

"కోడల్ని పిలు" అన్నారు.

ఆమె వచ్చి నిలబడింది.

"అమ్మాయీ, కాలేజీలో నువ్వు చదివిందంతా... గుర్తుందా?"

"ఉంది మామయ్యగారూ."

"బాగా ఆలోచించుకుని చెప్పు. పెళ్లయింది, ఇంటిపనుల్లో పడ్డావు. మర్చిపోయి ఉంటావు."

కోడలు అత్తగారి మొహంకేసి చూసింది. ఆవిడ కళ్లతోనే బతిమాలుతోంది. అనడం అంత తేలిక కాదు. రాత్రుళ్లు నిద్రమాని చదివిన చదువు మరి.

"మర్చిపోయాను" అంది.

"అంతానా?"

"మొత్తం."

"నువ్వు సాక్షివి" అని భార్యతో అన్నారు అధ్యక్షులవారు. "ఇంక లేపమ్మా."

ఏమీ తెలియని కోడలు మంచం మీదే ఆయన పాదాలు పైకీ కిందకీ ఆడింపజేసింది. నెమ్మదిగా అంచుకి జరిపి కూర్చోబెట్టింది. అరికాళ్లు నేలకి ఆనించింది. నడుం దగ్గర పట్టుకుని, "వెనక్కి వాలకండి. ముందుకి వంగండి, ముక్కు కాలివేళ్ల మీదకి రావాలి. ఇప్పుడు లేవండి" అంది. అధ్యక్షులవారు లేచారు. కేక పెట్టడానికి నోరు తెరిచి, పెట్టాల్సినంత నొప్పి లేక అలాగే ఉండిపోయారు. తరువాత కోడలి భుజం మీద తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆమె ఆయన వీపు నిమిరింది. దానికి లైసెన్సు అక్కర్లేదు.

ముందు వాకరు, తరువాత నొప్పి కాలు, ఆ తరువాత మంచి కాలు. గదిలోంచి వసారాలోకి, వసారాలోంచి వీధిలోకి. పొద్దుటా సాయంత్రం ఆమె ఆయన్ని వదల్లేదు. వాకరు పోయి చేతికర్ర వచ్చాక, అధ్యక్షులవారు తమంతట తామే నడిచి మండలి సమావేశానికి వెళ్లారు. సభ్యులంతా లేచి నిలబడ్డారు.

ఆ రోజు కోడలి దరఖాస్తు మళ్లీ చర్చకొచ్చింది. ఆమె కాలేజీ చుట్టూ తిరిగి కండరాలని కండరం చేయించుకుంది. సభ్యులు నవ్వుమొహాలతో సంతకాలకి సిద్ధమయ్యారు. అధ్యక్షులవారు చెయ్యెత్తి ఆపారు.

"బంధుప్రీతికి నేను లొంగను. ఈ అభ్యర్థిని తాను చదివినదంతా మర్చిపోయినట్టు నా ఎదుట, సాక్షి సమక్షంలో స్వయంగా ఒప్పుకుంది. తెలిసి తెలిసి ప్రజల్ని ఆమె చేతిలో ఎలా పెట్టను?"

ఉపాధ్యక్షుడు కళ్లు తుడుచుకున్నాడు. దరఖాస్తు శాశ్వతంగా తిరస్కరించబడింది.

ఇంటికొచ్చి అధ్యక్షులవారే ఆ మాట చెప్పారు. దాపరికం వారికి గిట్టదు. భార్య ఆ పూట అన్నం ముట్టలేదు. కొడుకు గోడకేసి చూశాడు. కోడలు మాత్రం అడిగింది.

"అయితే నాకేమీ రానట్టేనా మామయ్యగారూ?"

"చట్టం దృష్టిలో రానట్టేనమ్మా."

"అధికారికంగా?"

"అధికారికంగా."

"సరే" అని కంచాలు తీసేసింది.

మరుసటి వారం నుంచి ఆమె పిసుకుడు మాస్టారి దగ్గర పనిలో కుదిరింది. మాస్టారికి ఎన్నాళ్ల నుంచో భుజం బిగుసుకుపోయి చెయ్యి లేవడం లేదు. ఆ భుజం సరిచేశాక ఆయన ఆమెకి ముందుగది వదిలేసి, తాను వెనక కూర్చుని నూనె కాస్తున్నారు. అధ్యక్షులవారు చట్టమంతా క్షుణ్ణంగా పరిశీలించి, ఏమీ రాని వ్యక్తి ఏమీ రాని వ్యక్తి దగ్గర పనిచేయడంలో ఎక్కడా ఉల్లంఘన లేదని తృప్తిపడ్డారు.

సాయంత్రం వాహ్యాళికి ఆయన ఆ వీధిలోంచే వెళతారు. అక్కడ ఎప్పుడు చూసినా పెద్ద వరస. ఉపాధ్యక్షుడు ఆ వరసలో నడుం పట్టుకుని, మొహానికి పేపరు అడ్డం పెట్టుకుని కనిపిస్తాడు. ఆయన పేపరుకి ఈయన హుందాగా తల పంకిస్తారు.

మొన్న ఆ గుమ్మం దగ్గర ఒకరు, తగ్గిన మోకాలు మడిచి చాచి చూసుకుంటూ, కోడలితో అనడం అధ్యక్షులవారు చెవులారా విన్నారు.

"ఎంత మంచి హస్తవాసి అమ్మా నీది! చదువుకున్నవాళ్లకి రమ్మన్నా వస్తుందా ఇది? నువ్వు చదువుకోకపోవడం మా అదృష్టం."

ఆ అన్నది మీరేనని అనడం లేదు. మీరు కాకపోతే మీ పక్కింటివారై ఉంటారు. ఇంతకీ, మోకాలు ఇప్పుడెలా ఉంది?