బొమ్మల పుస్తకాలను పిల్లలకు అందనీయకండి

పిల్లల బొమ్మల పుస్తకాలకు అసలు శత్రువులు పిల్లలే. ఈ మాట అనే ధైర్యం మన మేధావులకు లేదు కాబట్టి నేనే అంటున్నాను.

మాది ఇబ్రహీంపట్నం. కొంగరకలాన్ పక్కన మా చెలక భూములు ప్లాట్లయ్యాక మావాళ్లు కార్లు కొన్నారు. ఒకాయన బాలాపూర్ లడ్డూ వేలానికి వెళ్లొచ్చాడు. నేను పాత బొమ్మల పుస్తకాలు సేకరించడం మొదలుపెట్టాను. కలెక్టర్‌నని చెప్పుకుంటే ముగ్గురు పట్టాదారు పాస్‌బుక్కుల అర్జీలు పట్టుకొచ్చారు. అది వేరే సంగతి.

మొదటి ముద్రణను గుర్తుపట్టడం ఒక శాస్త్రం. అట్ట చూసి మురిసిపోకూడదు. లోపలి పేజీ వెనక చిన్నక్షరాల్లో ముద్రించిన సంవత్సరం, ప్రతుల సంఖ్య ఉంటాయి. ‘పునర్ముద్రణ’ అని కనబడితే దణ్ణం పెట్టి వదిలేయాలి. కొందరు ఘనులు మళ్లీ అచ్చేసినా పాత పేజీనే ఉంచేస్తారు. అప్పుడు వెనక అట్ట మీద ధర చూడాలి, పెరిగి ఉంటే మోసమే.

ఇక నూనె మరకో, మడిచిన మూలో కనిపిస్తే? ఎవరో చదివారన్నమాట. విలువ పోయినట్టే.

మరి ఎవరూ చదవని పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? ఇంకెక్కడ, బడిలో!

పోయిన నెల దగ్గర్లోని ఓ ఊరి బడికి వెళ్లాను. హెడ్మాస్టర్ బుగ్గయ్య బీరువా చూపించాడు.

“ఇరవై అయిదేండ్ల సంది తాళం తియ్యలే సారూ. నాకు ముందున్న సారు గూడ తియ్యలే. ఒక్క పోరడు ముట్టలే. చినిగితే ఆడిట్‌ల ఏం జెప్పాలె?”

నా కళ్లు చెమర్చాయి. ఇలాంటి గురువులుండబట్టే కదా సాహిత్యం భద్రంగా ఉంది!

తాళంచెవి దొరక్క తాళం పగలగొట్టారు. ఉన్న ముప్పై పుస్తకాలనూ చెదలు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా శ్రద్ధగా చదివేశాయి. మిగిలింది మట్టి.

“రిజిస్టర్‌ల మాత్రం అన్నీ మంచిగనే ఉన్నయి,” అన్నాడు బుగ్గయ్య.

బయటికొస్తుంటే, బడి ఊడ్చే రేణుకమ్మ ఆపింది. “నా తాన ఒకటున్నది సారూ. బీరువల వెట్టేనాడు కింద వడ్డది, ఇంటికి తీస్కపోయిన. మా బిడ్డ అండ్లనే సదువు నేర్సింది. ఇప్పుడు మనుమరాలు.”

వాళ్లింటికి వెళ్లి చూశాను. అట్ట లేదు. గోనెసంచి దారంతో కుట్టారు. ఏనుగు బొమ్మ మీద పసుపు వేలిముద్రలు. లోపలి పేజీ వెనక చిన్నక్షరాలు రెండుసార్లు చదివాను. మొదటి ముద్రణ. ఆ బడికొచ్చిన వాటిలో బతికింది ఇదొక్కటే. నా శాస్త్రం ప్రకారం పైసా చేయదు.

అయినా అమ్ముతావా అని అడిగాను.

“అమ్మ సారూ,” అంది రేణుకమ్మ. “అది లేకపోతే పొల్ల బువ్వ తినది.”

ఆ పొల్ల, ఏడేళ్ల మౌనిక, నన్ను ఎగాదిగా చూసింది. “తాతా, నీ తాన గిసోంటియి ఇంకున్నయా?”

మా ఇంట్లో నాలుగు వందలున్నాయి. ఒక్కొక్కటీ ప్లాస్టిక్ కవర్లో, పక్కన కలరా ఉండతో సహా.

“లేవు బిడ్డా,” అన్నాను.

ఆ పిల్ల తనకు కంఠతా వచ్చిన కథనే మళ్లీ మొదటి నుంచి వేలు పెట్టి చదువుకోసాగింది. పేజీ మూల ఇంకొంచెం నలిగింది. నేను చూడలేక లేచి వచ్చేశాను.