వెనకంతా మసక

తుఫాను తీరం దాటిన మర్నాడు భవానీపురంలో కృష్ణాతీర సేవా సమితి అత్యవసర సమావేశం జరిగింది. అజెండాలో ఉన్నది ఒకే అంశం. బాధితుల దగ్గరికి ఏ కెమెరా తీసుకువెళ్లాలి? బియ్యం, దుప్పట్లు వంటి చిల్లర విషయాలు అంతకుముందే టీ తాగుతూ తేల్చేశారు. బియ్యం తింటే అయిపోతుంది, దుప్పటి ఉతికితే వెలిసిపోతుంది, పేపర్లో పడిన ఫోటో మాత్రం కలకాలం ఉంటుంది. దేనికెంత విలువ ఇవ్వాలో సమితికి తెలుసు.

కొత్త శతాబ్దం వచ్చి ఏడెనిమిదేళ్లయినా సేవ చేసే పద్ధతి మాత్రం మారలేదు. ఇచ్చేవాడు పొట్లం ఒక కొస పట్టుకోవాలి, పుచ్చుకునేవాడు రెండో కొస పట్టుకోవాలి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకూడదు, కెమెరాని చూడాలి. క్లిక్కుమనేదాకా ఎవరూ వదలకూడదు. ఆకలి మీదున్నవాడు తొందరపడి లాక్కుంటే ఫోటో కదిలిపోతుంది కనుక అలాంటి క్రమశిక్షణ లేనివాణ్ణి వరస చివరికి పంపిస్తారు. ఈ నియమాలన్నీ సమితి వారికి కంఠతా వచ్చు.

సమితి అధ్యక్షులు హేమసుందర్ గారు. టైల్సు, వాష్‌బేసిన్ల వ్యాపారం ఆయనది. ఆయన ఈ మధ్యనే ఒక డీఎస్ఎల్ఆర్ కెమెరా కొన్నారు. కొన్న రోజునుంచి అది ఆయన మెడలోనే ఉంటోంది. మంగళగిరి వెళ్తే క్యూలో నిలబడ్డవాళ్లు ఎవరో టీవీ ఆయన అనుకుని దారి వదిలారు. పెళ్లికి వెళ్తే భోజనాల దగ్గర రెండోసారి అడిగి మరీ వడ్డించారు. ఇన్నాళ్లూ ఇంత గౌరవం లేకుండా ఎలా బతికానా అని ఆయనకే ఆశ్చర్యం వేసింది. అందులో బొమ్మలు కూడా తీయవచ్చని ఆయన తర్వాత తెలుసుకున్నారు.

అంతవరకు సమితి చేసిన సేవంతా కార్యదర్శి జీవరత్నం గారి చిన్న కెమెరాతోనే నడిచింది. జీవరత్నం గారు హైస్కూల్లో సోషల్ మేష్టారు. ఆ కెమెరా చొక్కా జేబులో పడుతుంది, రెండు పెన్సిల్ బ్యాటరీలు వేస్తే పనిచేస్తుంది. తుఫాను ప్రాంతం కదా, తడిసినా పోయినా దిగులుండదు, పైగా దీంట్లో ఊరంతా పడుతుంది అని ఆయన సమావేశంలో నెమ్మదిగా అన్నారు. ఆ మాట అన్నందుకు తర్వాత చాలాసేపు తల దించుకుని కూర్చోవలసి వచ్చింది.

హేమసుందర్ గారు లేచి నిలబడ్డారు.

"మిత్రులారా! ఊరంతా పడుతుందని మన జీవరత్నం గారు సెలవిచ్చారు. దాని జబ్బే అదండీ! దానికి విచక్షణ లేదు. ముందు నిలబడ్డ పెద్దమనిషినీ, వెనకున్న పెంటకుప్పనీ ఒకే చూపు చూస్తుంది. మొన్న వైద్య శిబిరం ఫోటోలో నా భుజం పక్కన ఎవడో మూత్రానికి కూచున్నాడండీ! పేపర్లో అలాగే వేశారు. ఇదుగో, ఇది చూడండి. ఈ లెన్సు పెట్టామా, ఎవరిని చూడాలో వాళ్లనే చూస్తుంది. వెనకంతా మసకైపోతుంది. సంస్కారం ఉన్న కెమెరా అంటే ఇదీ!"

సభ్యులు చప్పట్లు కొట్టారు. చిన్న కెమెరా సమితి ప్రతిష్ఠకు తగదని ఏకగ్రీవంగా తీర్మానించారు. అయినా జీవరత్నం గారు దాన్ని అలవాటు కొద్దీ జేబులో వేసుకునే బయల్దేరారు.

పామర్రులో ఆగి టిఫిన్లు చేసి, వ్యాను, రెండు కార్లు సముద్రం ఒడ్డున ఉన్న ఆ పల్లెకు చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. ఇళ్ల మీద కప్పుల్లేవు. పడవలు సరుగుడు తోటలోకి కొట్టుకొచ్చి, కొన్ని రెండు ముక్కలై, కొన్ని బోర్లాపడి ఉన్నాయి. జనం ఆ పడవల పక్కనే పట్టాలు కట్టుకుని కూర్చున్నారు. విచిత్రం ఏమిటంటే గుడిసె నిలబెట్టడానికి గుంజ లేనివాళ్లు, పొయ్యిలోకి పుల్ల లేనివాళ్లు, అంత కలప ఎదురుగా పెట్టుకుని ఒక్క చెక్క కూడా ముట్టుకోలేదు.

పిల్లలు రాత్రుళ్లు చలికి వణుకుతుంటే చెక్కలు పీకి వాడుకోవచ్చు కదా, ఎంత సోమరితనం అనుకున్నారు హేమసుందర్ గారు. ఆ సంగతే మైకులో చెబుదామని పుచ్చుకుంటే చేతిమైకు పలకలేదు. దాంట్లో రెండు బ్యాటరీలు నీరసించాయి. అధ్యక్షుల ఉపన్యాసం లేకుండా బియ్యం ఎలా పంచుతారు? జీవరత్నం గారి జేబులోని కెమెరాకు ఎలాగూ పని లేదు. దాంట్లోని బ్యాటరీలు తీసి మైకులో వేశారు. మైకు గర్జించింది.

ఉపన్యాసం అయ్యాక, పొట్లాల కొసలు పట్టుకోవడం కూడా అయ్యాక, కొండలయ్య అనే ముసలాయన చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు. పక్కన అతని భార్య అంకాలమ్మ, కోడలు దుర్గ.

"అయ్యా, తమరి దగ్గర పెద్ద కెమెరా ఉందిగదండీ, మాకో ఉపకారం చేసిపెట్టాలండీ," అన్నాడు కొండలయ్య. "చేపల ఆఫీసాయన వచ్చి చెప్పెళ్లాడండీ. పడవ ఇరిగినట్టు ఫోటో ఉండాలంట. పడవ పక్కన పడవగలాయన నిలబడాలంట. పడవ మీద నంబరు కనపడాలంట. అదుంటేనే కొత్త పడవ ఇస్తారంటండీ. ఫోటో దిగిందాకా చెక్క కదపొద్దన్నాడండీ. మా ఊళ్లో ఫోటోలు తీసేవాడు లేడు, బందరు నించి రమ్మంటే అటేపు రోడ్డు తెగిందంటన్నారు."

ఆ పల్లె వాళ్లకు పడవ తప్ప పొలమూ లేదు, పుట్రా లేదు. కొత్త పడవ వస్తే సముద్రం మీదికి వెళ్తారు, రాకపోతే ఇంకొకడి రొయ్యల చెరువు గట్టు మీద కాపలాకి వెళ్తారు. అందుకోసమే కప్పు లేకుండా పడుకుంటున్నారు, తడిసిన కొబ్బరి మట్టలతో పొగలో వండుకుంటున్నారు. అంతా విన్నాక హేమసుందర్ గారి మనసు కరిగింది. ఇంత పెద్ద కెమెరా చేతిలో ఉండగా పేదవాడికి ఈమాత్రం చేయలేమా అనుకున్నారు.

"ఒక్కొక్కళ్లూ వచ్చి నిలబడండి. ఊరందరికీ నేనే తీస్తా. ఆఫీసుకు నేనే పంపిస్తా," అన్నారు.

మైకు పక్కన నిలబడ్డ జీవరత్నం గారి చేతికి తాడుతో వేలాడుతున్న చిన్న కెమెరా దుర్గ కంటబడింది.

"ఆ చిన్నదాంతో కూడా ఒక్కోటి తియ్యండి సార్. మా చెల్లి పెళ్లిలో అలాంటిదే తెచ్చారు. కొబ్బరి చెట్లతో సహా పడ్డాయి," అంది.

జీవరత్నం గారు అధ్యక్షుల వైపు చూసి, "బ్యాటరీలు మైకులో ఉన్నాయమ్మా," అన్నారు.

"మైకులో మాట్లాడటం అయిపోయిందిగా సార్?"

"వందన సమర్పణ ఉందమ్మా," అన్నారు హేమసుందర్ గారు కాస్త ముఖం ముడిచి. పెద్ద కెమెరాతో తీస్తానని తానే స్వయంగా అంటుంటే జేబు కెమెరా కావాలనడం ఆయనకు అవమానంగా తోచింది. ఈ పిల్లలకు మంచి చెడు తెలియదని సరిపెట్టుకున్నారు. జీవరత్నం గారు కెమెరాని మెల్లగా జేబులో పెట్టేసుకున్నారు. పాఠాలు చెప్పే మనిషి నోరు తెరవవలసిన చోట ఎంత చక్కగా మూసుకోగలడో అక్కడున్నవారంతా చూశారు.

తర్వాత హేమసుందర్ గారు మోకాళ్ల మీద కూర్చుని, బోర్లా పడుకుని, ఇసుకలో పొర్లి మరీ ఫోటోలు తీశారు. ప్రతి మనిషినీ అతని విరిగిన పడవ ముందు నిలబెట్టారు. ఆ లెన్సు పెట్టుకుని ఒక్కో మొహానికీ దగ్గరగా వెళ్లారు. నవ్విన వాళ్లను నవ్వొద్దన్నారు. కళ్లు తుడుచుకోబోయిన అంకాలమ్మను తుడుచుకోవద్దన్నారు. కొండలయ్య దగ్గర ఎక్కువసేపు ఆగారు. ఆయన మొహం మీద ముడతలూ, ఎండకు చిట్లించిన కళ్లూ హేమసుందర్ గారికి అంతగా నచ్చాయి.

తీసినవి కెమెరా వెనకున్న బుల్లి తెర మీద చూపించారు కూడా. మనిషన్నవాడు ఫోటోలో ముందుగా వెతుక్కునేది తన మొహాన్నే. ఎండలో అరచేతులు అడ్డం పెట్టుకుని ఎవరి మొహం వాళ్లు చూసుకుని మురిసిపోయారు. "నేనింత ముసిలిదాన్నయ్యానా!" అని అంకాలమ్మ సిగ్గుపడింది. అంత పెద్ద కెమెరాలో పడవ పడకుండా ఉంటుందన్న అనుమానం ఎవరికీ రాలేదు. పిడికెడు కెమెరాలోనే కొబ్బరి చెట్లు పడినప్పుడు, తలకాయంత కెమెరాలో పడవ పడదా?

"ఇక మీ పని మీరు చేసుకోవచ్చు," అని సెలవిచ్చి అధ్యక్షులు కారెక్కారు. కార్లు కనుమరుగు కాకముందే ఊళ్లో గొడ్డళ్లు లేచాయి. నంబరు రాసి ఉన్న పలకలతో సహా పడవలు గుంజలయ్యాయి, తలుపులయ్యాయి, మిగిలినవి పొయ్యిలోకి పోయాయి. ఆ రోజు ఆ పల్లెలో అందరూ వేడన్నం తిన్నారు.

విజయవాడలో కలర్ ల్యాబు ఆయన ప్రింట్లు చేతిలో పెట్టి, "ఏం తీశారు సార్!" అన్నాడు. నిజంగానే అద్భుతంగా వచ్చాయి. ఒక్కో గడ్డపు వెంట్రుకా లెక్కపెట్టవచ్చు. వెనక మాత్రం గోధుమరంగు పొగ, అక్కడక్కడా కాస్త ఆకుపచ్చ. సమితి సభ్యులు ఆ పొగను వేలితో తడిమి మరీ మెచ్చుకున్నారు. ఒక సెట్టు ఆఫీసుకు వెళ్లింది, ఇంకో సెట్టు ఛాయాచిత్ర పోటీకి వెళ్లింది.

ఆఫీసు నుంచి కొండలయ్యకు జవాబు వచ్చింది. "మీరు జతపరచిన ఛాయాచిత్రములయందు వ్యక్తులు మిక్కిలి స్పష్టముగా కనిపించుచున్నారు. పడవలు కనిపించుటలేదు. కావున మీకు పడవలు ఉండినట్లు నిర్ధారించుటకు వీలుపడదు. పడవలతో కూడిన ఛాయాచిత్రములు తక్షణమే పంపవలెను." ఊరందరికీ ఇదే జవాబు. మళ్లీ ఫోటో తీయించడానికి పడవలేవీ? గుడిసెల గుంజలను ఫోటో తీయించి పంపితే ఇవి గుంజలే కదా అన్నారు, అందులో తప్పు పట్టడానికి కూడా ఏమీ లేదు.

పోటీ నుంచి హేమసుందర్ గారికీ జవాబు వచ్చింది. కొండలయ్య మొహానికి మొదటి బహుమతి.

బహుమతి ప్రదానం రోజున కొండలయ్య, దుర్గ బస్సులు మారి ఆ హాలు వెతుక్కుంటూ వచ్చారు. అధ్యక్షుల వారిని కలిసి, ఆ రోజు పడవలు చూశానని ఆయన చేత ఆఫీసులో ఒక్క మాట చెప్పించుకుందామని వాళ్ల ఆశ. గుమ్మంలోనే నిలువెత్తు కొండలయ్య ఎదురయ్యాడు. ఇంత పెద్ద తనను చూసి అసలు కొండలయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

వేదిక మీద న్యాయనిర్ణేత మాట్లాడుతున్నాడు. "ఈ చిత్రంలో తుఫాను ఎక్కడా కనిపించదు. విధ్వంసం కనిపించదు. అదే దీని గొప్పతనం! అనవసరమైన సమస్తాన్నీ తొలగించి, కేవలం మనిషిని మిగిల్చాడు కళాకారుడు!"

"మా పడవండీ అది! అనవసరం అంటాడేంటి మావా?" అంది దుర్గ. గట్టిగానే అంది. ముందు వరసలోవాళ్లు వెనక్కి తిరిగి, గుమ్మంలోని ఫోటో పక్కన నిలబడ్డ మనిషిని గుర్తుపట్టారు. హాలంతా కోలాహలం అయింది. హేమసుందర్ గారు స్వయంగా దిగివచ్చి కొండలయ్యను చేయి పట్టుకుని వేదిక ఎక్కించారు. కృతజ్ఞతలు చెప్పుకోవడానికి ఇంత దూరం వచ్చాడని ఆయన కళ్లు చెమర్చాయి.

"అయ్యా, మా పడవ ఎక్కడుందండీ అందులో?" అని అడిగాడు కొండలయ్య.

"అది వెనకాలే ఉంది కొండలయ్యా. మసకలో ఉంది. అందుకేగా ప్రైజ్ వచ్చింది!"

"మసకలో ఉందని ఆ ముక్కే ఆఫీసులో చెప్పండి బాబూ. తమరు చూశారుగదా! ఊరంతా తమరి మాట మీదే చెక్కలు పీకేసుకున్నామండీ."

"చెబుదాం, చెబుదాం. ముందు ఇటు తిరుగు."

శాలువా తెచ్చారు. ఒక కొస హేమసుందర్ గారు పట్టుకున్నారు, రెండో కొస కొండలయ్య చేతిలో పెట్టారు. కెమెరాని చూడమన్నారు. జీవరత్నం గారే తీశారు, పెద్ద కెమెరాతోనే తీశారు. వెనక నిలబడి ఏదో అరుస్తున్న దుర్గ అందులో లేత పసుపు రంగు చుక్కగా వచ్చింది. అధ్యక్షుల వారికి ఆఫీసుకు వెళ్లే తీరిక ఇంతవరకు దొరకలేదు. కొండలయ్య ఇప్పుడు ఒక రొయ్యల చెరువు గట్టు మీద కాపలా ఉంటున్నాడు. ఈ సంగతి చెప్పుకుంటుంటే ఒళ్లు మండుతుంది కానీ, మండి చేసేదేముంది?

జనవరికల్లా కొండలయ్య మొహం సమితి వారి క్యాలెండరు అయింది. వ్యాపారస్తుల సౌజన్యంతో ఇంటింటికీ ఉచితంగా పంచారు. మీ ఇంటికీ వచ్చే ఉంటుంది. వంటింట్లో ఫ్రిజ్ పక్కన మేకుకు తగిలించి, పాలవాడు రాని రోజులకు దాని మీదే సున్నాలు చుడుతున్నారు కదా. తగిలించిన రోజున అందరూ నిలబడి, ముసలాయన కళ్లు ఎంత బాగా పడ్డాయో అన్నారు. ఆయన వెనక ఏముందని మీలో ఎవరూ అడగలేదు.