వెంకన్నకు చెప్పిన జుట్టు

శనివారం పొద్దున శ్యామలాదేవి వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం కొడుకు విహారి తన పాటల కచేరీకి వెళ్లి క్షేమంగా ఇంటికి రావాలి. ఆదివారం సాయంత్రం ముగ్గురూ తిరుపతి రైలెక్కాలి. సోమవారం కల్యాణకట్టలో విహారి భుజాలు దాటిన జుట్టు వెంకన్నకు సమర్పించాలి. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరైనా అడగొచ్చు. శ్యామలాదేవిని అడిగితే పదిహేడు చోట్ల చూపించగలదు.

మొక్కుకు రెండేళ్లు. విహారికి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పందొమ్మిది వేలకు దిగినప్పుడు, ఆస్పత్రి వరండాలో నిలబడి కొడుకు తలనీలాలు ఇస్తానని చెప్పుకుంది. మర్నాటి నుంచి ప్లేట్‌లెట్లు పెరిగాయి. జుట్టూ పెరిగింది. మొక్కు మాత్రం తీరలేదు. ఎందుకంటే విహారి హెవీ మెటల్ మనిషి. ఆ సంగీతంలో పాడేవాడు గొంతు చించుకుంటాడు, వినేవాడు జుట్టు విరబోసి తల తిప్పుతాడు. గుండుతో తిప్పితే ఏం తిప్పినట్టు? బెంగుళూరు కచేరీకి ముందు "ఇదే ఆఖరుదమ్మా" అన్నాడు. పుణె కచేరీకి ముందూ అదే అన్నాడు. షిల్లాంగ్ వెళ్లేటప్పుడు ఏమీ అనకుండానే వెళ్లాడు. ఈ మధ్యలో మిక్సీ కాలిపోయింది, లిఫ్టు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య శ్యామలాదేవితో సహా ఆగిపోయింది, పనిమనిషి బుచ్చమ్మ స్నానాల గదిలో జారిపడింది. ఇవన్నీ తిరుమల నుంచి వచ్చిన ఉత్తరాలేనని శ్యామలాదేవి నమ్మకం.

చివరికి విహారే దిగివచ్చాడు. పదిహేనో ఏట నుంచి వాడు పూజించే నార్వే బ్యాండు, హెల్‌మోర్న్ అనేది, మొదటిసారి హైదరాబాదు వస్తోంది. జూబ్లీహిల్స్‌లోనే, సాయంత్రం ఐదింటికి. "అది చూసేశాక గుండే. వెంకన్న మీద ఒట్టు" అన్నాడు. వాడు రెండేళ్లుగా తిప్పించుకుంటున్న దేవుడి మీదే ఒట్టు పెట్టడం శ్యామలాదేవికి నచ్చలేదు గానీ, వెంటనే రైలు టిక్కెట్లు తీయించింది.

శనివారం పొద్దున పదింటికి విహారి ఫోను చూసి గంతేశాడు. హెల్‌మోర్న్ గిటారిస్టు ఉల్రిక్ దగ్గర్లోనే ఒక హోటల్లో దిగాడట, తోటలో కాఫీ తాగుతున్నాడట.

"ఒక్క ఫోటో దిగి వచ్చేస్తానమ్మా."

"నేనూ వస్తాను. దూరంగా కూర్చుంటాలే. నిన్నెవరూ ఎత్తుకుపోకుండా చూడాలిగా."

"నాకు ఇరవై ఆరేళ్లు."

"ఎత్తుకుపోయేవాడు వయసు అడుగుతాడా?"

అంట్లు తోముతున్న బుచ్చమ్మ తల తిప్పకుండానే అంది, "గడ్డం వచ్చిన పోరన్ని జర ఇడ్సిపెట్టుండ్రమ్మా. గా జుట్టు జూస్తే ఎత్కపోయినోడే తెచ్చి ఇచ్చిపోతడు."

శ్యామలాదేవి వినలేదు. సంచీలో నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు, రాళ్లుప్పు, విభూతి పొట్లం వేసుకుంది. రెండేళ్ల నాటి డెంగీ ఫైలు ఎలాగూ ఆ సంచీలోనే ఉంటుంది. ఎప్పుడే అవసరం వస్తుందో.

హోటల్ గేటు దగ్గర కాపలా మనిషి ఆ సంచీ మొత్తం బల్ల మీద పరిచాడు. "ఏందమ్మా గిది, లోపల పులుసు పెడ్తరా?"

"దిష్టి సామాను నాయనా."

"గివన్నీ గీడనే పెట్టి పోవాలె. ఫైలు తీస్కపొండ్రి."

ఈ బేరం తెగేసరికి పది నిమిషాలైంది. విహారి అప్పటికే లోపలికి పోయాడు. శ్యామలాదేవి తోటలోకి అడుగుపెట్టేసరికి తలుపంత ఎత్తు, బంగారు రంగు గడ్డం ఉన్న ఉల్రిక్ విహారి భుజం మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. ఎదురుగా టోపీ, నల్లకళ్లద్దాలు పెట్టుకున్న ఇంకో ఆయన విహారి ఫోను పట్టుకుని ఫోటో తీస్తున్నాడు. విహారి ఆయనకు పని నేర్పుతున్నాడు.

"అన్నా, కొంచెం పక్కకి జరగండి. మీ నీడ పడుతోంది."

శ్యామలాదేవి ఆ టోపీ ఆయన్ని చూసి చటుక్కున ఆగిపోయింది. టోపీ పెట్టుకుంటే మాత్రం ఆ మెడ, ఆ నిలబడే తీరు ఎవరికి తెలియవు? ఆయన గర్జన స్టార్ రణధీర్. ఆయన కంపెనీలోనే శ్యామలాదేవి భర్త వీరభద్రం పద్దెనిమిదేళ్లుగా ప్రొడక్షన్ మేనేజరు. షూటింగుల ఎండల్లో తిరిగి తిరిగి తలమీది జుట్టంతా ఆ కంపెనీకే సమర్పించుకున్నవాడు. వాళ్ల హాల్లో రణధీర్ బొమ్మ క్యాలెండరు ఏటా మారుతుంది. విహారి అందులో తేదీలు మాత్రమే చూస్తాడు.

రణధీర్‌కు ఆ పొద్దున మనసు బాగాలేదు. హోటల్ వెనక బంగళాలో షూటింగు. ఒకే షాట్ పదమూడు టేకులు పాడైంది. చిరాకుపడి, కాసేపు ఒంటరిగా కాఫీ తాగుదామని ఇలా వచ్చాడు. ఎవరో వచ్చి ఫోను చేతికిస్తే అలవాటుగా నవ్వి పక్కన నిలబడబోయాడు. "కాదన్నా, మీరు తియ్యండి" అన్నాడు కుర్రవాడు. ఇరవై ఏళ్లుగా కెమెరాకు ఇటువైపే ఉన్న మనిషికి అటువైపు సంగతేం తెలుసు? ఫోటోలో ఉల్రిక్ ముఖం మీద సగానికి పైగా రణధీర్ బొటనవేలు పడింది.

రణధీర్ నల్లకళ్లద్దాలు తీశాడు. "నన్ను గుర్తుపట్టలేదా తమ్ముడూ?"

విహారి పరీక్షగా చూశాడు. "చూసినట్టే ఉంది. మీరు మా ఆఫీసులో అడ్మిన్ సెక్షనా?"

రణధీర్ ముఖం వాడిపోయింది. ఆ ముఖం వాడితే వీరభద్రం ఉద్యోగం వాడుతుందని శ్యామలాదేవి లెక్క. ఒక్క అంగలో మధ్యకు వచ్చింది.

"అయ్యా, మీరు మరోలా అనుకోకండి. వాడికి జ్ఞాపకం సరిగా ఉండదు. డెంగీ జ్వరం వచ్చినప్పటి నుంచీ ఇంతే."

"అమ్మా, నేను..."

శ్యామలాదేవి కొడుకు కాలు తొక్కి, ఫైలు విప్పి చూపించింది. ఉల్రిక్‌కు ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆస్పత్రి కాగితం ఏ దేశంలోనైనా ఆస్పత్రి కాగితమే. జాలిగా విహారి తల నిమిరి, జేబులోంచి గిటారు మీటే బిళ్ల ఒకటి తీసి వాడి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

"మా ఆయన వీరభద్రంగారు మీ దగ్గరే చేస్తారు" అని కూడా చెప్పేసింది శ్యామలాదేవి. అది చెప్పకుండా ఉండాల్సిందని చెప్పాక తోచింది.

"మన వీరభద్రం కొడుకా?" రణధీర్ కళ్లు చెమర్చాయి. "ఇంత కష్టం పెట్టుకుని ఒక్క మాట చెప్పలేదే. పదండి, నా కారులో వాడి దగ్గరికే వెళ్దాం."

"సార్, ఐదింటికి నాకు కచేరీ..." అన్నాడు విహారి.

"నోర్మూసుకుని ఎక్కరా, నాన్న ఉద్యోగం" అని చెవిలో అంది తల్లి.

కారు బంగళాకు చేరేలోపే కబురు చేరింది. వీరభద్రానికి మొదట చెప్పినవాడు అబ్బాయికి మతిమరుపన్నాడు. రెండోవాడు తల్లిని కూడా పోల్చుకోవడం లేదన్నాడు. మూడోవాడు ఏమీ అనకుండా భుజం తట్టాడు. భోజనాల ఏర్పాట్లు చూస్తున్న వీరభద్రం చేతిలో పెరుగు గరిటెతోనే పరుగెత్తుకొచ్చాడు.

"నాన్నా, నేనెవరో చెప్పు" అన్నాడు కొడుకుతో.

"నాన్నవి."

"గుర్తుపట్టాడండీ" అని వీరభద్రం బావురుమన్నాడు. యూనిట్ మొత్తం కళ్లు తుడుచుకుంది.

బంజారా హిల్స్ నుంచి డాక్టరుగారిని పిలిపించారు. ఆయన వచ్చేలోగా వైద్యం తానే మొదలుపెట్టాడు రణధీర్. తన పేరు మోగించిన డైలాగులు వింటే ఎంతటి మతిమరుపైనా వదులుతుందని ఆయన నమ్మకం. నడుము మీద చెయ్యి పెట్టి గొంతు పెంచాడు.

"నేను అడుగేస్తే భూమి అడ్రసు మార్చుకుంటుంది."

లైట్ల వాళ్లు ఈలలు వేశారు. విహారి మర్యాదగా తలూపాడు. "బాగుంది సార్. ఏ సినిమాలోది?"

ఇంకొకటి చెప్పాడు. ఇంకొకటి. ఒక పాటకు రెండడుగులు కూడా వేశాడు. ప్రతిదానికీ విహారి అదే ప్రశ్న, అదే మర్యాద. మేకప్ గదిలో ఇద్దరు ఏడవడం మొదలుపెట్టారు.

శ్యామలాదేవికి మాత్రం ఏడుపు కాదు, భయం. ఏ జ్వరాన్ని స్వామి తగ్గించాడో ఆ జ్వరం మీదే అబద్ధం ఆడింది. అది నిజమైపోతే? వాడికి రేపు పొద్దున నిజంగానే తల్లి గుర్తులేకపోతే?

మూడు దాటాక డాక్టరుగారు వచ్చారు. "నీకు గుర్తున్నవి ఏవైనా చెప్పు బాబూ" అన్నారు. విహారి హెల్‌మోర్న్ ఆల్బమ్‌లు తొమ్మిదీ వరసగా, విడుదలైన నెలలతో సహా చెప్పాడు. ఆ బ్యాండులో మారిన నలుగురు డ్రమ్మర్లు ఎవరు ఎందుకు మానేశారో చెప్పాడు.

డాక్టరుగారు సంచీ సర్దుకున్నారు. "ఇతని జ్ఞాపకానికి ఢోకా లేదు. నాకే ఇంత లేదు."

"మరి నా సినిమాలు?" రణధీర్ గొంతు తగ్గింది.

అందరూ విహారి వైపు చూశారు. వీరభద్రం గరిటె వైపు చూశాడు. ఇంకో అబద్ధం శ్యామలాదేవి నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఈసారి మింగేసింది.

"అబద్ధం నాదండీ. వాడికి జ్వరం వచ్చిన మాట నిజం, తగ్గిన మాటా నిజం. జ్ఞాపకం బ్రహ్మాండంగా ఉంది. మీ సినిమా ఒక్కటీ చూడలేదు, అంతే. మీరు నొచ్చుకుంటారని, ఆయన ఉద్యోగం పోతుందని అలా అన్నాను. తిట్టాలంటే నన్ను తిట్టండి. నేను మీవన్నీ చూశాను."

రణధీర్ విహారి వైపు తిరిగాడు.

"ఒక్కటీ చూడలేదా?" అన్నాడు రణధీర్.

"ఒకటి మొదలుపెట్టాను సార్" అన్నాడు విహారి నిజాయితీగా. వీరభద్రం కళ్లు మూసుకున్నాడు.

అప్పుడు అసోసియేట్ డైరెక్టరు రష్మి ముందుకొచ్చింది. పొద్దుటి నుంచి ఆ పదమూడు టేకులూ పాడైంది ఆమె చేతుల మీదుగానే. షాట్ చిన్నదే. పదవి పోయిన మంత్రి మారువేషంలో టీ కొట్టు ముందు నుంచి వెళ్తాడు. బెంచీ మీద కూర్చున్న మనిషి ఆయన్ని చూసి కూడా పోల్చుకోడు. మంత్రి కుమిలిపోవాలి. పదమూడు మందిని కూర్చోబెట్టారు. రణధీర్ ఎదురుగా వచ్చేసరికి ప్రతివాడి కళ్లూ దీపావళే.

"సార్, ఈ అబ్బాయిని ఒక్కసారి కూర్చోబెడదామా?"

కూర్చోబెట్టారు. విహారి చేతికి టీ గ్లాసు ఇచ్చారు. రణధీర్ నడిచి వచ్చాడు. విహారి ఆయన్ని చూశాడు, ఆయన వెనక గోడ గడియారాన్ని చూశాడు, నాలుగున్నర కావడం చూసి టీ తాగాడు. రణధీర్ ముఖంలో పదమూడు టేకుల్లో రాని బాధ ఒక్కసారి వచ్చేసింది, అందులో నటన ఎంతో ఆయనకే తెలియాలి. డైరెక్టరు లేచి నిలబడి ఓకే చెప్పాడు.

రణధీర్ వచ్చి విహారి పక్కనే బెంచీ మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "నన్ను ఎరగని మనిషిని చూసి ఎన్నేళ్లయిందో. నీలాంటి వాళ్లు ఇంకా ఉన్నారా?"

"ఇప్పుడు నేను వెళ్లే చోట మూడు వేల మంది ఉంటారు సార్."

"పద, చూద్దాం."

అలా ఐదింటికి రణధీర్, విహారి, పెరుగు గరిటె ఎక్కడ పెట్టాడో మర్చిపోయిన వీరభద్రం, నిమ్మకాయలు తిరిగి తెచ్చుకున్న శ్యామలాదేవి కచేరీకి చేరారు. నిమ్మకాయలు మళ్లీ గేటు దగ్గరే ఆగిపోయాయి. వేదిక మీద ఉల్రిక్ గిటారు ఒక్కసారి గీరగానే శ్యామలాదేవి గుండెలు పట్టుకుంది. తర్వాత చుట్టూ చూసింది. నల్లబట్టలు, విరబోసిన జుట్లు, కళ్లు మూసుకుని ఊగిపోతున్న తలలు. మధ్యలో తన కొడుకు.

ఆమె చెయ్యి గుండెల మీంచి జారింది. ఇది ఆమెకు తెలియనిదేమీ కాదు. పాలకొల్లు దగ్గర పుట్టింటి ఊళ్లో జాతరకు, డప్పు మోగగానే మేనత్త ఇలాగే జుట్టు విప్పుకుని ఊగేది.

"వీళ్లకేం భయం లేదండీ, ఇది పూనకం" అని భర్త చెవిలో అరిచింది. "చేతికి వేపమండలు ఇవ్వలేదంతే."

రణధీర్ మొదటి పావుగంట మహానందంగా ఉన్నాడు. ఎవరూ మీద పడలేదు, ఎవరూ అరవలేదు. రెండో పావుగంటలో టోపీ తీశాడు. కాసేపాగి కళ్లద్దాలు తీశాడు. ఆ తర్వాత వెలుగు బాగా పడే చోటు చూసుకుని నిలబడ్డాడు. ఎట్టకేలకు ఒకమ్మాయి ఫోను పట్టుకుని దగ్గరికొచ్చింది. రణధీర్ జుట్టు సర్దుకున్నాడు.

"అన్నా, మా ముగ్గురికీ ఒక ఫోటో తీస్తారా?"

తీశాడు. ఈసారి బొటనవేలు పడలేదు.

శ్యామలాదేవి పథకంలో ఇక మిగిలింది రైలు. ఆదివారం మధ్యాహ్నం పులిహోర డబ్బాలో సర్దుతుంటే రష్మి ఫోను చేసింది.

"అమ్మా, అబ్బాయి జుట్టు మాత్రం ముట్టుకోనివ్వకండి. అదే బెంచీ, అదే మనిషి క్లైమాక్స్‌లో మళ్లీ రావాలి. అది ఉగాదికి తీస్తాం. అప్పటికి ఒక్క వెంట్రుక తేడా వచ్చినా కంటిన్యుటీ పోతుంది."

"అది వెంకన్నకు చెప్పిన జుట్టమ్మా. రెండేళ్లయింది."

"దేవుడికి నేను చెప్పలేనండీ. డైరెక్టరుగారికి మీరు చెప్పగలరా?"

శ్యామలాదేవి ఫోను పెట్టేసి కొడుకు వైపు చూసింది. విహారి ఉల్రిక్ ఇచ్చిన బిళ్లకు కన్నం పెట్టించుకుని, తల్లి కట్టిన నల్లతాడుకే గుచ్చి మెళ్లో వేసుకున్నాడు. నిన్నటి కచేరీ, మేనత్త విప్పిన జుట్టు ఆమెకు గుర్తొచ్చాయి. అమ్మవారు కూడా జుట్టున్న తలనే ఊపుతుంది. అయితే మిక్సీ కొత్తది. ఆ లిఫ్టు కూడా ఎక్కక తప్పదు. స్వామి దగ్గరికి ఉత్త చేతులతో మాత్రం వెళ్లకూడదు.

"ఉగాది దాటగానే వాడిది. ఈలోగా మీది" అని భర్తతో నిశ్చయంగా చెప్పింది.

సోమవారం పొద్దున కల్యాణకట్టలో వీరభద్రం భక్తిగా బాసింపట్టు వేసుకుని తల వంచాడు. క్షురకుడు ఆ తలను నీళ్లతో తడిపి, అటు తిప్పి చూసి, ఇటు తిప్పి చూసి, "ఏది తియ్యమంటారు?" అని అడిగాడు.